దొరికింది, పోయింది, మళ్లీ దొరికింది

ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ డాక్టరమ్మ ఆడవాళ్ల శరీరం గురించి గొంతు తగ్గించి మాట్లాడేవారు కాదు. అందుకే ఇవాళ ఆమెకు నచ్చే విషయమే తీసుకున్నాం. కాన్పుతో గానీ మూత్రంతో గానీ నేరుగా పనిలేని, స్త్రీ సుఖానికి కేంద్రమైన క్లైటోరిస్ చరిత్ర ఇది. శాస్త్రం దీన్ని ఆలస్యంగా కనిపెట్టిందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎప్పుడో కనిపెట్టింది. కనిపెట్టి, వదిలేసింది. అదీ ఒకసారి కాదు.

1559లో వెనిస్‌లో ఒక శరీరశాస్త్ర గ్రంథం అచ్చయింది. రాసినవాడు రియాల్డో కొలంబో, పాదువాలో పేరుమోసిన శరీరశాస్త్రజ్ఞుడు వెసేలియస్ తరవాత పాఠం చెప్పినవాడు. స్త్రీ సుఖానికి మూలస్థానాన్ని తానే మొదట చూశానని అందులో చాటుకున్నాడు. రెండేళ్లు తిరిగేసరికి ఫాలోపియో తన పుస్తకంలో ఆ ఘనత నాదేనన్నాడు. ఫెలోపియన్ నాళాలకు పేరు వచ్చింది ఈయనవల్లే. వెసేలియస్ ఇద్దరి మాటా కొట్టిపారేశాడు. ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్లకు అలాంటి భాగమే ఉండదని, స్త్రీపురుష లక్షణాలు రెండూ కలిసి పుట్టినవారిలోనే అది కనిపిస్తుందని ఆయన వాదన. అప్పటికి వెయ్యేళ్లకు పైగా ముందే ఎఫెసస్ ఊరి రూఫస్ లాంటి గ్రీకు వైద్యులు దాని గురించి రాసి ఉన్నారు.

1672లో డెల్ఫ్ట్ వైద్యుడు డి గ్రాఫ్ స్త్రీ జననాంగాల మీద ఒక గ్రంథం వేశాడు. తోటి శాస్త్రజ్ఞులు ఈ అవయవాన్ని లేనట్టే చూడటం ఆయనకు ఆశ్చర్యంగా తోచింది. 1844లో జర్మనీలో కోబెల్ట్ రక్తనాళాల్లోకి ద్రవం ఎక్కించి, లోపలి భాగాలు ఉబ్బినప్పుడు ఎలా ఉంటాయో బొమ్మలు గీశాడు. ఈనాటికీ వైద్యులు మెచ్చుకునే బొమ్మలవి.

మరి ఎందుకు మరుగున పడింది? స్త్రీకి సుఖం కలిగితేనే గర్భం నిలుస్తుందని పాత వైద్యం చాలాకాలం నమ్మింది. ఆ నమ్మకం ఉన్నంతవరకు వైద్యుడికి ఆమె సుఖంతో పని ఉండేది. 18వ శతాబ్దం చివర ఇటలీలో స్పలాంజానీ ఒక ఆడకుక్కకు పిచికారీతో వీర్యం ఎక్కించి పిల్లలు పుట్టించాడు. గర్భానికి సుఖం అక్కర్లేదని క్రమంగా తేలిపోయింది. అక్కర్లేదని తేలాక అడిగేవాళ్లూ తగ్గారు.

అడగకపోవడంతో ఆగినా బాగుండేది. లండన్‌లో ఐజాక్ బేకర్ బ్రౌన్ అనే పేరుమోసిన సర్జన్ మూర్ఛకూ హిస్టీరియాకూ హస్తప్రయోగమే కారణమని నమ్మి, ఆడవాళ్లకు క్లైటోరిస్‌ను కోసి తీసేసేవాడు. 1866లో దానిమీద పుస్తకం కూడా రాశాడు. మరుసటి ఏడాది అక్కడి ప్రసూతి వైద్యుల సంఘం ఆయన్ని బహిష్కరించింది. ఏం చేస్తున్నాడో రోగులకు సరిగ్గా చెప్పకుండానే ఈ ఆపరేషన్లు చేశాడన్నది ప్రధాన ఆరోపణల్లో ఒకటి.

1905లో మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ వచ్చి, ఎదిగిన స్త్రీలో సుఖం క్లైటోరిస్ నుంచి యోనికి మారాలని, మారకపోతే ఆమె ఇంకా ఎదగనట్టేనని సిద్ధాంతం చేశాడు. దానికి శరీరంలో ఆధారం ఏదీ చూపలేదు. అయినా లక్షలమంది ఆడవాళ్లు తమలోనే ఏదో లోపముందని కుమిలిపోవడానికి ఆ ఒక్క మాట చాలింది. నెపోలియన్ వంశానికి చెందిన మేరీ బోనపార్ట్ కథ చదివితే గుండె బరువెక్కుతుంది. సంభోగంలో తనకు భావప్రాప్తి ఎందుకు కలగడం లేదో తెలుసుకోవాలని రెండు వందలమందికి పైగా స్త్రీల కొలతలు సేకరించింది. క్లైటోరిస్‌కూ యోనిద్వారానికీ మధ్య దూరమెక్కువైతే కష్టమని 1924లో మారుపేరుతో వ్యాసం రాసింది. ఆ తరవాత వియన్నాలో ఆపరేషన్ చేయించుకుని, క్లైటోరిస్‌ను యోనిద్వారం దగ్గరికి జరిపించుకుంది. ఫలితం లేదు. మళ్లీ చేయించుకుంది. అప్పుడూ లేదు. అంత చదువు, అంత డబ్బు ఉన్న మనిషి, ఫ్రాయిడ్‌కు శిష్యురాలు, చివరికి కత్తినే నమ్ముకోవాల్సి వచ్చింది.

పాఠ్యపుస్తకాల్లోనూ ఇదే వరస. శరీరశాస్త్ర పాఠ్యపుస్తకం గ్రేస్ అనాటమీ 1901 ముద్రణ బొమ్మలో క్లైటోరిస్ పేరు రాసి ఉంది. 1948 నాటి అమెరికన్ ముద్రణకు వచ్చేసరికి ఆ పేరు లేదు. ఇలాంటి తొలగింపు తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనం కావ్యంలో ఆడదాని కోరికను ఆడదే చెబుతుంది. 19వ శతాబ్దపు ముద్రణలో కొన్ని భాగాలు ఎగిరిపోయాయి. గాయని బెంగళూరు నాగరత్నమ్మ మూలం వెతికి పట్టుకుని 1910లో పూర్తిగా అచ్చువేయించింది. బ్రిటిష్ ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం చొరవతో 1947లో గానీ ఆ నిషేధం తొలగలేదు.

ఊహలు వదిలి ఆడవాళ్లను అడగడం అమెరికాలో 1953 నాటి పరిశోధకుడు కిన్సే నివేదికతో ఊపందుకుంది. 5,940 మంది స్త్రీలతో చేసిన ఇంటర్వ్యూలు దానికి ఆధారం. 1966లో అక్కడే సెయింట్ లూయిస్‌లో పరిశోధకులు మాస్టర్స్, జాన్సన్ ఇంకో అడుగు వేశారు. 382 మంది స్త్రీలు, 312 మంది పురుషుల శరీరాల్లో కామోద్రేకం ఎలా పుట్టి ఎలా చల్లారుతుందో ప్రయోగశాలలో గమనించారు. ఉద్రేకం మొదలైన కొద్ది సెకన్లకే యోని గోడల మీద చెమటబొట్లలా తడి పుడుతుంది. అది ఏ గ్రంథి నుంచో ఊరేది కాదు, చుట్టూ రక్తం నిండినప్పుడు గోడలోంచి చెమ్మగిల్లేది. ఉద్రేకం పెరిగే కొద్దీ క్లైటోరిస్ తన పైపొర కిందికి ముడుచుకుంటుంది. భావప్రాప్తి వేళ యోని కింది భాగపు కండరాలు సుమారు 0.8 సెకన్లకోసారి బిగుస్తూ వదులవుతాయి. స్పర్శ ఎక్కడ మొదలైనా శరీరం చేసేది ఇదే. క్లైటోరిస్ సుఖం వేరు, యోని సుఖం వేరు అని ఫ్రాయిడ్ చేసిన విభజన ఇక్కడితో నిలవలేకపోయింది.

మిగిలింది ఆ అవయవపు పూర్తి పటం. మెల్‌బోర్న్ యూరాలజిస్టు హెలెన్ ఓకానెల్ చదువుకునే రోజుల్లో పాఠ్యపుస్తకం పురుషాంగానికి పేజీలు కేటాయించి, దీన్ని దాదాపు వదిలేసింది. మగవాళ్ల ప్రొస్టేట్ ఆపరేషన్లలో నరాలు తెగకుండా కాపాడటం అప్పటికే నేర్చుకున్నారు. ఆడవాళ్లకు కటిభాగంలో ఆపరేషన్ చేసే సర్జన్‌కు అలాంటి దారి చూపేది లేదు. ఓకానెల్ పది మృతదేహాలను శోధించి, చూసినదాన్ని 1998లో ప్రచురించింది. బయటికి కనిపించే చిన్న మొన కొస మాత్రమే. లోపల దాని కాండం, కటి ఎముకల వెంట చీలిన రెండు కాళ్లు, మూత్రనాళాన్నీ యోనినీ అటూఇటూ ఆనుకున్న రెండు ఉబ్బెత్తు భాగాలు ఉన్నాయి. ఒక్కో కాలు పొడవు 5 నుంచి 9 సెంటీమీటర్లు. తరవాత ఆమె బతికున్న స్త్రీలకు ఎమ్మారై స్కాన్ తీయించి ఇదే చూసింది.

నరాల లెక్క ఇంకా ఆలస్యమైంది. 8,000 అని అందరూ చెప్పుకునే అంకె పశువుల మీద చేసిన పరిశీలన నుంచి వచ్చింది. 2022లో అమెరికాలోని ఒరెగాన్‌లో సర్జన్ బ్లెయిర్ పీటర్స్ బృందం, జననాంగ శస్త్రచికిత్స చేయించుకున్న ఏడుగురు ట్రాన్స్ పురుషులు ఇచ్చిన నాడీ ముక్కలను సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టింది. సగటున పదివేలకు పైగా నాడీతంతువులు తేలాయి.

ఈ జ్ఞానం ఇవాళ ఆపరేషన్ బల్ల దగ్గరికి చేరింది. ఆచారం పేరిట చిన్నప్పుడే క్లైటోరిస్ కోతకు గురైన స్త్రీలకు ఫ్రాన్స్‌లో డాక్టర్ పియేర్ ఫోల్డెస్ మచ్చ తొలగించి, లోపల మిగిలిన భాగాన్ని పైకి తెచ్చి కుడుతున్నారు. 2012లో లాన్సెట్ పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం అలా ఆపరేషన్ చేయించుకున్నవారు 2,938 మంది. ఏడాది తరవాత పరీక్షకు తిరిగి వచ్చిన 866 మందిలో ఎక్కువమందికి నొప్పి తగ్గింది, లేదంటే పెరగలేదు. సుఖం తెలుస్తోందని చెప్పినవారూ వారిలో చాలామంది ఉన్నారు. మిగతా రెండు వేలమందికి ఏమైందన్న ప్రశ్న ఇతర వైద్యులు లేవనెత్తారు. అది న్యాయమైన ప్రశ్నే.