నొప్పి తెలియని పాదము

ధర్మాసుపత్రి యనగానే మన కన్నుల ముందు నిలుచునది పొడవైన వరుస. చీటి చేతబట్టుకొని గంటలకొలది వేచియుండుట, లోనికి పోయిన పిదప అర నిమిషములో మందు వ్రాయించుకొని వెలుపలికి వచ్చుట. అందులకు వైద్యులను నిందింపబూనము. వాకిట నూరుగురు నిలిచియున్నపుడు ఒక్కొక్కరికి ఎంత కాలము చిక్కును? అయినను కుష్ఠురోగుల ఆసుపత్రిలో పనిచేయు మావంటివారికి తొందర పనికిరాదు. ఇది కేవలము దయకు సంబంధించిన మాట కాదు. ఆ రోగస్వభావమే అట్టిది.

తక్కిన రోగులు వచ్చుటతోడనే "ఇక్కడ నొప్పి" అని చేయి పెట్టి చూపుదురు. మా రోగికి ఆ నొప్పియే లేదు. 1873లో నార్వే దేశమున హాన్సెన్ కనుగొనిన కుష్ఠుక్రిమి చర్మమును, నరములను పట్టుకొనును. నరము చచ్చినచోట స్పర్శ పోవును. చెంపమీది మచ్చను చూపుటకు వచ్చినవాడు అరికాలిలో దిగిన ముల్లుతోనే నాలుగు మైళ్లు నడచి వచ్చును. ఆ సంగతి మనకు చెప్పడు, అతనికే తెలియదు గనుక. చెప్పులు విప్పించి, పాదమును చేతిలోనికి తీసికొని చూచినగాని అది బయటపడదు.

ఈ రోగమున వ్రేళ్లు వాటంతట అవే కుళ్లి రాలునని పూర్వము తలచెడివారు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ రోగులు పని చేయు తీరును, నిద్రించు తీరును ఓపికతో గమనించెను. తెలియక తగిలిన గాయములు, కాలిన బొబ్బలు, కడకు రాత్రివేళ ఎలుకకాట్లు, ఇవియే ఆ నష్టమునకు ముఖ్యకారణములని తేల్చెను. సూక్ష్మదర్శినితో కాక, రోగి ప్రక్కన నిలిచి సంపాదించిన జ్ఞానమది.

మేము చేయు పరీక్షయు అట్టిదే. మోచేతి వెనుక నరమును వ్రేళ్లతో తడవి చూతుము. రోగిని కన్నులు మూసికొమ్మని, అరచేతను అరికాలను కలము మొనతో మెల్లగా తాకి, తాకినచోటు చూపుమందుము. మనము తొందరపడినచో అతడును తొందరపడి ఊహించి చెప్పును. పిమ్మట మాటలు. ఒక ముసలమ్మను "ఏమమ్మా, గంజి వార్చేటప్పుడు గిన్నె దేంతో పట్టుకుంటావు?" అని అడిగితిమి. "చేత్తోనే బాబూ, నాకు కాలదుగా!" అని ఆమె కొంత గర్వముతోనే పలికినది. అరచేతి బొబ్బలకు కారణము తెలిసినది. ఆమెకు ఆనాడు మేమిచ్చిన ముఖ్యమైన మందు దళసరి మసిగుడ్డ.

నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్ అను వైద్యురాలు కుష్ఠురోగుల ఆసుపత్రి తెరచినపుడు, రాజా నర్సాగౌడు దానికి ధనసహాయము చేసినపుడు, ఈ రోగమునకు రూఢియైన మందు లేదు. నేడున్నది. 1982 నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్న బహుళ ఔషధ చికిత్స ఉచితముగా లభించును; ఆరు నెలలో, పండ్రెండు నెలలో వాడినచో రోగము కుదురును. చిత్రమేమనగా, ఇంత మంచి మందే తొందరకు సాకైనది. పొట్లము చేతికిచ్చి మరొక పేరు పిలిచిన సరిపోవునని కొందరి భావము. సరిపోదు. మందు క్రిమిని చంపునుగాని చచ్చిన నరమును బ్రదికింపదు. నరము చెడుట ఆరంభించి ఆరు నెలలు దాటనిచో స్టెరాయిడ్ మందులతో దానిని పెక్కుమారులు నిలుపుకొనవచ్చును. ఆ ఆరంభమును పట్టుకొనవలెనన్న నెలనెలా, తీరికగా, చేయి పట్టి చూడవలసినదే.

ఇంటివారి పాత్రయు కలదు. 2019 వరకు మన వివాహచట్టములలో ఈ రోగము విడాకులకు కారణముగా నుండెననిన, భయమెంత లోతైనదో గ్రహింపవచ్చును. రోగిని వెంటబెట్టుకొని వచ్చిన బంధువు తరచు దూరపు బల్లమీద కూర్చుండును. ఉపన్యాసములు అతనిని కదలింపవు. మేము ఆ పాదమును ఒడిలో పెట్టుకొని ఆనెకాయలు గీకుచుండగా చూచి, మెల్లమెల్లగా దగ్గరకు జరుగును. అప్పుడతనికి పని నేర్పుదుము: ప్రతిదినము ఇరువది నిమిషములు పాదములను చల్లని నీట నానబెట్టుట, తడి యారకముందే కొబ్బరినూనె రాయుట, మెత్తని రబ్బరు అడుగుగల చెప్పులలో రాయియో మేకో చేరినదేమో తొడుగుటకు ముందు వ్రేళ్లతో తడవి చూచుట. మొన్న ఒక తమ్ముడు మేము చెప్పకముందే తొట్టి కడిగి నీళ్లు తెచ్చి అన్న ముందు పెట్టెను.