దున్నువానికి చేరని ధనము



ప్రభుత్వము రైతునకు నేరుగా సొమ్మిచ్చుట మనకు క్రొత్తగా తోచును. అమెరికా దేశమున ఇది 1933లోనే ఆరంభమైనది. అచట ఒక పల్లెసీమలో జరిగిన వృత్తాంతమును మీకు విన్నవింతును.

మన జిల్లావంటి విభాగమును ఆ దేశమున కౌంటీ యందురు. ఆర్కన్సా రాష్ట్రమున పాయిన్సెట్ అనునది అట్టి కౌంటీలలో నొకటి. అప్పు డచట ప్రత్తి ముఖ్యమైన పంట. నేల భూస్వాములది, దుక్కి పాలికాపులది. ఒరుల నేల దున్ని పంటలో పాలు పొందువారే పాలికాపులు. వారిలో తెల్లవారును నల్లవారును గలరు.

1929 తరువాతి ఆర్థికమాంద్యమున ప్రత్తిధర దారుణముగా పడిపోయెను. 1933 మే నెలలో రూజ్వెల్టు ప్రభుత్వమొక శాసనము చేసెను. పంట యధికమగుటచే ధర పడినది గనుక, సాగు తగ్గించుకొన్నవారికి ప్రభుత్వము సొమ్మిచ్చుననుట దాని సారాంశము. ఆ వేసవిలో దాదాపు కోటి ఎకరముల ప్రత్తిపైరును చేలలోనే దున్నివేసిరి. ధర కొంత కోలుకొన్నది.

కాని ఒప్పందము భూస్వామితోనే. చెల్లింపులో పెద్దపాలు అతనిదే. పాలికాపునకు రావలసిన స్వల్పభాగము సైతము భూస్వామి చేతిమీదుగా రావలసియుండెను. సాగు తగ్గగా దున్నువారితో పనియు తగ్గెను. పలువురు ఇండ్లు విడువవలసివచ్చెను. పాలికాపుల సంఖ్యను తగ్గింపరాదని ఒప్పందములో నున్నను, "సాధ్యమైనంతవరకు" అను మాట చేరి ఆ నియమమును నిస్సారము గావించెను. అమలు చూచు స్థానిక సంఘములలో భూస్వాములదే పెత్తనము. మొర వినవలసినవారే ప్రతివాదులైనచో న్యాయమెట్లు జరుగును?

1934 జూలైలో ఆ కౌంటీయందలి టైరొంజా అను చిన్న యూరిలో తెల్లవారును నల్లవారును కలసి కౌలుదారుల సంఘమును స్థాపించిరి. వర్ణభేదము ప్రబలిన యా సీమలో అది సాహసకార్యము. వారు బెదరింపులను, దెబ్బలను సహించిరి. 1935లో వ్యవసాయశాఖయందు వారి పక్షము వహించిన న్యాయాధికారులు కొందరు ఉద్యోగములు కోల్పోయిరి. 1936 తరువాతనే పాలికాపునకు నేరుగా చెల్లించు పద్ధతి వచ్చెను.

ఇక మన సంగతి. తెలంగాణమున 2018 మే నెలలో మొదలైన రైతుబంధు పథకమున ఎకరమునకు పంటకు 4000 రూపాయల చొప్పున పట్టాదారునకే ఇచ్చిరి. 2019లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన పి.ఎం. కిసాన్ పథకము ఏటికి 6000 రూపాయలు భూమిగల కుటుంబములకే నిర్ణయించినది. రెంటను కౌలుదారునకు చోటు కల్పింపబడలేదు. ఆంధ్రప్రదేశమున 2019లో పదునొకండు మాసముల సాగు ఒప్పంద శాసనము వచ్చినది గాని, దానికి భూస్వామి సంతకము కావలెను. సంతకము చేసినచో నేల చేజారునేమో యని పలువురు వెనుదీయుదురు.

ఆ శాసనము భూస్వామి హక్కునకు భంగము కలిగింపదు. ఈ మాట కౌలుదారుడు చెప్పిన నమ్మకము కుదురదు. గ్రామపెద్దలు చెప్పిన కుదురును. కావున తొలకరికి ముందే ఇరువురను రచ్చబండకడ కూర్చుండబెట్టి, పత్రమును చదివి వినిపింపుడు. శాసనములు రాజధానులలో పుట్టును. అవి ధర్మముగా నడచుటయు, నడవకుండుటయు గ్రామములోనే. పాయిన్సెట్ సీమలో పెద్దలు తమ లాభమునే చూచుకొనిరి. మన గ్రామములలో అట్లు జరుగకుండుగాక!