వేలిముద్రకు ముందు చదివించుకోండి
(పాశమైలారం మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)

నేను దస్తావేజులు రాసి బతికేదాన్ని. ఫ్యాక్టరీలొచ్చి ఇక్కడ భూమి ధర పెరిగింది. ఆడబిడ్డల వేలిముద్రలకూ గిరాకీ పెరిగింది.

ఒకరోజు ఒకతను అక్కను వెంటబెట్టుకొచ్చాడు. చనిపోయిన తండ్రి ఇంటి స్థలంలో ఆమె తన వాటా వదులుకున్నట్టు రాయమన్నాడు. 'బ్యాంకు లోనుకని చెప్పిన. చదివి వినిపించకు, రెట్టింపు ఇస్త' అన్నాడు చాటుగా. రాయనన్నాను. సంగతి ఆమెకే చెప్పాను. 'అడిగితే ఇచ్చేదాన్నేమో తమ్మీ, మోసమెందుకు చేస్తివి?' అని ఆమె లేచి వెళ్లిపోయింది.

తర్వాత కొందరు బ్రోకర్లు నా దగ్గరికి రావడం మానేశారు. ఇల్లు గడవడం కష్టమైంది. అయినా అలాంటి కాగితం రాయలేదు.

వీలునామా లేకుండా తండ్రి పోతే ఆయన స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమాన వాటా ఉందని 1956 హిందూ వారసత్వ చట్టమే చెప్పింది. ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు 1985లో మన రాష్ట్రంలో పెళ్లికాని ఆడపిల్లలకు వచ్చింది. 2005 సవరణతో పెళ్లయినవాళ్లకూ వచ్చింది.

ఇష్టమై వదులుకుంటే అది మీ నిర్ణయం. తెలియకుండా వేయిస్తే దొంగతనం. రాసేవాళ్లను చదివి వినిపించమనండి. 'ఈ కాగితం నేను రాసివ్వలేదు' అని సబ్ రిజిస్ట్రారు ముందు చెబితే, 1908 రిజిస్ట్రేషన్ చట్టం 35వ సెక్షన్ ప్రకారం ఆయన రిజిస్ట్రేషన్ నిరాకరించాలి.

ఆ ఒక్క మాట అనడానికి భయపడకండి.