మన పిల్లలు కలలుగనే దీవి

(ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా ఒక మనవి. నాది సాయంకాలపు బడి తెలుగు. ఫిజీ దీవుల్లో నా చిన్నతనంలో పగలంతా ఇంగ్లీషు చదువు, ఇంట్లోనూ వీధిలోనూ ఫిజీ హిందీ. వారానికి రెండు సాయంకాలాలు మాత్రం లాంతరు వెలుగులో పెద్దబాలశిక్ష. అమెరికా వచ్చాక మళ్ళీ సాయంకాలం తరగతిలోనే ఆ తెలుగును దిద్దుకున్నాను. నలభై ఏళ్ళు ఇతరుల పిల్లల తప్పులు దిద్దినదాన్ని. ఇవాళ నా తప్పులు మీరు దిద్దండి, కాని ప్రసంగం అయ్యాక!

"మీకు నచ్చిన విషయం మీద పది నిమిషాలు మాట్లాడండి" అన్నారు కార్యదర్శిగారు. నేను ఎంచుకున్న విషయం మా అమ్మాయి ఇంటి ఫ్రిజ్ తలుపు మీద ఉంది. అదొక దీవి బొమ్మ. నీలం సముద్రం, తెల్లని ఇసుక, ఒక కొబ్బరిచెట్టు, దాని కింద ఊయల. మనిషి జాడ ఎక్కడా ఉండదు.

మన కాలిఫోర్నియాలో వసంతకాలం ఎలా గడుస్తుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఫిబ్రవరిలో బాదం తోటలు పూస్తాయి. చూడడానికి కన్నుల పండుగ, ఆ వెంటనే ఇంటిల్లిపాదికీ తుమ్ములు. మార్చిలో గడియారం ఒక గంట ముందుకు జరుపుతాం, ఆ గంట నిద్ర బాకీ నెలరోజులైనా తీరదు. ఏప్రిల్ 15 లోపల పన్ను కాగితాలు పంపాలి. అల్లుడు భోజనాల బల్ల నిండా రసీదులు పరుస్తాడు, మేమంతా పళ్ళాలు ఒడిలో పెట్టుకుని తింటాం. మనవడికి సాకర్, మనవరాలికి వయొలిన్, మా అమ్మాయికి ఆఫీసు. ఈ హడావుడిలో ఉగాది వస్తుంది. నిరుడు దాచిన ఎండు వేపపువ్వు డబ్బా అడుగున వెదుక్కుంటాం. ఎవరికైనా విసుగు పుట్టినప్పుడు ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి ఆ దీవి బొమ్మ చూసి, "స్ప్రింగ్ బ్రేక్‌కి ఎన్ని రోజులుంది?" అని అడుగుతారు. తప్పేమీ లేదు. అలసిన మనిషి విశ్రాంతి కోరుకోవడం సహజం.

అయితే నాలుగైదేళ్ళ క్రితం ఒక ఉదయం మా మనవరాలు ఆ బొమ్మ ముందు నిలబడి ఇలా అడిగింది. "అవ్వా, నువ్వు ఇట్లాంటి చోటనే పుట్టావు కదా! ఇంత బాగుండే ఊరు వదిలిపెట్టి ఎందుకు వచ్చారు?"

నాకు జవాబు రాలేదు. పాలు పొంగిపోతున్నాయని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాను.

ఆ రాత్రి మా అమ్మాయితో, "పిల్లకు ఫిజీ అంటే సముద్రమూ కొబ్బరిచెట్లూ తప్ప ఏమీ తెలియదే" అన్నాను. అది నవ్వి, "నువ్వు మాకు చెప్పింది కూడా అదే కదమ్మా" అంది. నిజమే. ఈ దేశం వచ్చిన నాటి నుంచీ పిల్లలకు నేను చెప్పినది సముద్రం, చేపలు, మామిడిపండ్లు. మిగిలినది చెప్పలేదు. చిన్న పిల్లలకు ఎందుకు అనుకున్నాను. నిజం చెప్పాలంటే, కూలీ అనే మాట నా నోట రాలేదు. ఇవాళ ఆ మిగిలినది చెబుతాను.

1879 నుంచి 1916 వరకు సుమారు 60 వేల మందిని ఒప్పందపు కూలీలుగా ఫిజీకి తీసుకుపోయారు. అగ్రిమెంట్ అనే మాట మనవాళ్ళ నోట గిర్మిట్ అయింది. మొదట్లో ఓడలన్నీ కలకత్తా నుంచే. 1903 నుంచి మద్రాసు ఓడలు మొదలై, వాటిలో సుమారు 15 వేల మంది దక్షిణాది వారు వెళ్ళారు. వారిలో ఉత్తర ఆర్కాటు, కృష్ణా, గోదావరి, విశాఖపట్నం జిల్లాల వాళ్ళు చాలామంది. మా తాత, అవ్వ 1910లో వెళ్ళారు. అప్పటికి అవ్వకు పదిహేనేళ్ళు. వాళ్ళ ఊరు ఇప్పటి చిత్తూరు వైపు.

నేను టీచర్ ట్రైనింగుకు సువా నగరం దగ్గర ఉన్నప్పుడు, 1979లో, స్నేహితురాళ్ళం కలిసి నుకులావ్ అనే చిన్న దీవికి పిక్నిక్ వెళ్ళాం. సువాకు దగ్గరలోనే, పడవ మీద వెళ్ళాలి. అచ్చం ఫ్రిజ్ మీద బొమ్మలాగే ఉంటుంది. ఈత కొట్టాం, పాటలు పాడాం, పులిహోర తిన్నాం. సెలవుల్లో బా పట్టణం దగ్గర మా ఇంటికి వెళ్ళి అవ్వకు ఆ ముచ్చట చెప్పాను. ఆమెకు అప్పటికి ఎనభై నాలుగేళ్ళు. ఆ పేరు వినగానే చేతిలో ఒలుస్తున్న చిక్కుళ్ళు కింద పెట్టింది.

"ఆడికి పోయి ఏం సంతోషపడినారే?" అంది.

అప్పుడు చెప్పింది. ఓడలో వచ్చిన వాళ్ళను మొదట దించినది ఆ నుకులావ్‌లోనే. రోగాలు ఏమైనా తెచ్చారేమోనని కొన్ని రోజులు అక్కడే ఉంచి పరీక్షించేవారు. ఆ తరువాత ఎవరిని ఏ తోటకు పంపాలో అక్కడే పంచేవారు. మద్రాసు నుంచి నెలరోజుల ప్రయాణం. ఆ నెలలో అవ్వకు ఒక తోడు దొరికింది, తన ఈడు పిల్లే, నెల్లూరు వైపు. ఓడ కదిలినప్పుడల్లా ఒకరినొకరు పట్టుకుని కూర్చునేవారట. ఒకే ఓడలో వచ్చిన వాళ్ళను ఫిజీలో సొంత చుట్టాల కంటే ఎక్కువగా చూసుకునేవారు. నుకులావ్‌లో ఆ పిల్లను వేరే తోటకు రాశారు. మళ్ళీ ఈమె ఆమెను చూడలేదు. "ఆ ఇసకలో నిలబడి ఏడ్చినాం. మీరు ఆడ పులిహోర తిన్నారు" అంది అవ్వ. కోపంగా అనలేదు. చిక్కుళ్ళు మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

గిర్మిట్ అంటే అయిదేళ్ళు. వారానికి అయిదు రోజులు రోజుకు తొమ్మిది గంటలు, శనివారం అయిదు గంటలు పని. చెప్పిన పని పూర్తి చేస్తే మగవాళ్ళకు రోజుకు ఒక షిల్లింగు, ఆడవాళ్ళకు తొమ్మిది పెన్నీలు. పూర్తి కాకపోతే కోత. కాపురానికి లైన్లలో గది. తొలినాళ్ళలో కట్టిన గదులు పదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. తిరుగు ప్రయాణానికి ఓడ ఛార్జీ ఉచితంగా రావాలంటే మొత్తం పదేళ్ళు ఫిజీలో ఉండాలి. మిగిలిన గిర్మిట్లన్నీ 1920 జనవరి 1న రద్దయ్యేనాటికి మా తాతకు ఒక ఎద్దుల జత, పదెకరాల కౌలు చెరకు ఉన్నాయి. ఇక వెనక్కి పోలేదు.

అవ్వ చేతుల మీద చెరకాకు కోసిన గీతలు చివరిదాకా ఉండేవి. మా ఇంటికి సముద్రం ఆరు మైళ్ళు. ఆమె జీవితంలో సముద్రం దగ్గరికి వెళ్ళినది రెండుసార్లే. ఒకటి ఓడ దిగినప్పుడు, రెండవది తాత అస్థికలు కలపడానికి.

ఆ ఇంట్లోనూ ఉగాది చేసేవాళ్ళం. అక్కడ కాలాలు తలకిందులు. ఇక్కడ వసంతం వస్తుంటే అక్కడ వానాకాలం వెనుకబడుతుంది. మామిడికాయ క్రిస్మస్ రోజుల్లో కాస్తుంది గాని ఉగాదికి దొరకదు. అవ్వ చింతపండు పులుపుతో పచ్చడి చేసి, "పులుపు ఏ చెట్టుదైతేనేం" అనేది. చిత్రభానువో స్వభానువో మాకు తెలిసేది కాదు. ఆ రోజు ఉగాది అని మాత్రం తెలుసు.

ఇక మనవరాలి ప్రశ్న. అంత కష్టపడి నిలదొక్కుకున్న చోటు వదిలి ఎందుకు వచ్చాం?

ఫిజీలో నూటికి ఎనభై పాళ్ళకు పైగా భూమి అక్కడి మూలవాసుల తెగలది. అది న్యాయమే, వాళ్ళ దేశం వాళ్ళది. మనవాళ్ళు కౌలుదార్లు. 1976 చట్టం ప్రకారం కౌలు ముప్ఫై ఏళ్ళు. 1997 నుంచి పాత కౌళ్ళు ఒక్కొక్కటిగా ముగియడం మొదలైంది. మా అన్నయ్య కౌలు 1999లో ముగిసింది. తాత వేసిన మామిడిచెట్టుతో సహా అప్పగించి పట్నం చేరాడు. అంతకు ముందే, 1987 మే 14న, సైనికాధికారి రబుకా ప్రభుత్వాన్ని కూలదోశాడు. భారత సంతతి వారి మద్దతు ఎక్కువగా ఉన్న ప్రభుత్వం ఏర్పడి అప్పటికి నెల దాటిందంతే. మొదటి గిర్మిట్ ఓడ లియోనిడాస్ ఫిజీ చేరినది కూడా మే 14నే, 108 ఏళ్ళ ముందు. ఆ తరువాత వేలాది కుటుంబాలు ఆస్ట్రేలియాకు, న్యూజీలాండుకు, కెనడాకు, అమెరికాకు తరలిపోయాయి. 1988లో మేమిద్దరం రెండు పెట్టెలతో, చంకలో పిల్లతో శాక్రమెంటో వచ్చాం. మమ్మల్ని ఎవరూ కొట్టలేదు, తరమలేదు. కాని నా తరగతిలో పిల్లలు, "టీచర్, మీరు కూడా వెళ్ళిపోతారా?" అని అడగడం మొదలుపెట్టారు. ఆ మాట రోజూ వింటూ ఉండలేకపోయాను.

ఇది మనవరాలికి ఒక్కసారిగా చెప్పలేదు. 2022లో స్ప్రింగ్ బ్రేక్‌కి అందరం హవాయీలోని మావీ దీవికి వెళ్ళాం. ఫ్రిజ్ మీది బొమ్మ అక్కడిదే. వాళ్ళు సముద్రంలో ఆడుకున్నారు, నేనూ కాళ్ళు తడుపుకున్నాను. ఒక పూట మాత్రం పునెనె అనే చోట ఉన్న చక్కెర మ్యూజియానికి నేనే తీసుకెళ్ళాను. అక్కడికి కూడా తోటపనికి ఓడల్లో మనుషులను తెచ్చారు, చైనా నుంచి, పోర్చుగీసు దీవుల నుంచి, 1885 నుంచి పెద్ద సంఖ్యలో జపాను నుంచి, 1906 నుంచి ఫిలిప్పీన్సు నుంచి. పేరు పలకడం రాని దొరలు కూలీకి నంబరు బిళ్ళ ఇచ్చేవారు. హవాయీలో చివరి చెరకు మిల్లు ఆ మ్యూజియం ఎదుటే ఉంది, 2016లో మూతపడింది. మనవరాలు ఆ మిల్లు పొగగొట్టం చూసి, "అవ్వా, మీ ఊళ్ళో కూడా ఇట్లాంటిది ఉందా?" అంది. అప్పుడు మొదలుపెట్టాను.

మిగిలిన కథ లహైనా ఊళ్ళో మర్రిచెట్టు కింద చెప్పాను. ఆ చెట్టును భారతదేశం నుంచి తెచ్చి 1873లో నాటారు. నాటినప్పుడు ఎనిమిది అడుగుల మొక్క. మేము చూసేనాటికి ఊడలు దిగి ఒక వీధి మేర పరుచుకుంది. పిల్ల మధ్యలో ఒక్కటే ప్రశ్న వేసింది. "ఆ నెల్లూరు అవ్వ పేరేమి?" నేను ఆనాడు అవ్వను అది అడగలేదు. ఇప్పుడు చెప్పేవారు లేరు.

2023 ఆగస్టులో లహైనా కాలిపోయింది, వంద మందికి పైగా చనిపోయారు. మర్రిచెట్టు కూడా కాలింది. సెప్టెంబరులో దానికి మళ్ళీ చిగుళ్ళు వచ్చాయని తెలిసినప్పుడు మనవరాలే నాకు ఫోన్ చేసి చెప్పింది.

అదే సంవత్సరం ఇంకొకటి జరిగింది. ప్రధానమంత్రిగా ఉన్న అదే రబుకా 2023 మే 14న సువాలో జరిగిన సభలో 1987లో చేసిన దానికి క్షమాపణ కోరారు. మరునాడు, మొదటిసారిగా, గిర్మిట్ దినాన్ని దేశమంతటా సెలవుగా పాటించారు. మావారు, "ముప్ఫై ఆరేళ్ళకా!" అన్నారు. మా అన్నయ్య, "ఎప్పటికైనా అన్నాడు కదా" అన్నాడు. ఇద్దరి మాటలోనూ నిజముంది. నేను ఇంకా ఏ పక్కకూ తేల్చుకోలేదు.

సోదరసోదరీమణులారా, దీవులకు విహారానికి వెళ్ళవద్దని నేను అనడం లేదు. వెళ్ళండి, హాయిగా ఈదండి. కాని మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే, టిక్కెట్టు కొనే ముందు ఒక ఆదివారం వాళ్ళ దగ్గర కూర్చోండి. ఏ ఊరు, ఏ ఓడ, తోడు వచ్చిన వాళ్ళెవరు, పేర్లు అడిగి రాసుకోండి. ఫిజీకి వెళ్ళిన వాళ్ళ ఎమిగ్రేషన్ పాసులు సువాలోని జాతీయ పత్రభాండాగారంలో ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు, ఒంటి మీది పుట్టుమచ్చ కూడా రాసి ఉంటుంది. ఒక జాగ్రత్త. పాత జిల్లా పేర్లతో వెదకండి. చిత్తూరు జిల్లా ఏర్పడినది 1911లో. మా తాత 1910 పాసులో ఉత్తర ఆర్కాటు అని ఉంది. నేను చాలాకాలం చిత్తూరని వెదికి, దొరకలేదని ఊరుకున్నాను.

వచ్చే జూలైలో మేము ఫిజీ వెళుతున్నాం. అది చెరకు కోతల కాలం. శాన్ ఫ్రాన్సిస్కోలో మంగళవారం రాత్రి విమానం ఎక్కితే గురువారం తెల్లవారుజామున నాందీలో దిగుతాం, బుధవారం సముద్రంలో పోతుంది. అల్లుడు సముద్రపు ఒడ్డున హోటల్లో మూడు రోజులకు గది తీసుకున్నాడు. సరే అన్నాను, వాడూ అలసిపోయాడు. కాని మొదట బా వెళతాం, అన్నయ్యను వెంటబెట్టుకుని తాత మామిడిచెట్టు ఉందో లేదో చూస్తాం, ఇప్పుడు ఆ భూమి చేసుకుంటున్న వాళ్ళ అనుమతి అడిగి. ఆ తరువాత నుకులావ్.

అక్కడికి పులిహోర తీసుకెళ్ళాలా వద్దా అని మనవరాలిని అడిగాను. అది కొంచెంసేపు ఆలోచించి, "తీసుకెళ్దాం అవ్వా. ముందు వాళ్ళకి పెట్టి తర్వాత మనం తిందాం" అంది. ఈ జవాబు నాకు 1979లో తట్టలేదు.