రెండు మనసుల గూఢచారి



గూఢచారి కథ అనగానే మనకు తుపాకులు, కారు పరుగులు గుర్తుకు వస్తాయి. 1966లో వచ్చిన ‘గూఢచారి 116’ చిత్రంలో కృష్ణగారు ఎవరి పక్షమో ఎవరికీ సందేహం లేదు. ఈనాడు మేము పరిచయం చేయబోయే నవలలో ఆ సందేహమే అసలు కథ.

అది ‘ది సింపథైజర్’, అనగా సానుభూతిపరుడు. వియత్నాంలో పుట్టి అమెరికాలో పెరిగిన వియెత్ థాన్ న్యూయెన్ ఇంగ్లీషులో రాశారు. 2015లో వెలువడి, 2016లో పులిట్జర్ బహుమతి పొందింది.

కథానాయకునికి పేరు లేదు. తల్లి వియత్నాం స్త్రీ, తండ్రి ఫ్రెంచి మతగురువు. పైకి దక్షిణ వియత్నాం సైన్యంలో కెప్టెన్. లోపల కమ్యూనిస్టుల వేగు. 1975 ఏప్రిల్‌లో సైగాన్ పడిపోయినప్పుడు తన జనరల్‌తో అమెరికా చేరి, కంటికి కనబడని సిరాతో రహస్య లేఖలు రాస్తుంటాడు. రక్తసోదరులమని ప్రమాణం చేసుకున్న మిత్రులు ఇద్దరున్నారు. ఒకడు కమ్యూనిస్టు, మరొకడు కమ్యూనిస్టులంటే మండిపడేవాడు. ఇద్దరూ ఇతనికి ప్రాణమే.

రెండు పడవల మీద కాళ్ళు పెట్టాడని తీసిపారేయవచ్చు. కాని ఇరువైపుల బాధను అర్థం చేసుకోవడం అతని నేరం కాదు. తన మీద అనుమానం రాకుండా ఒక నిరపరాధిని బలి ఇచ్చాడు. తన పక్షానికే చెందిన స్త్రీని శత్రువులు హింసిస్తుంటే చూస్తూ నోరు మెదపలేదు. చివరికి అతన్ని దహించేది ఆ మౌనమే.

‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అని విభీషణుణ్ణి తలచుకుని అంటాము. అయితే ఆయన ముందు నిండుసభలో సీతమ్మను పంపివేయమని అన్నగారికి చెప్పాడు. వినకపోతేనే, అందరి ఎదుట వెళ్ళిపోయాడు. ఆ ధైర్యం ఈ కెప్టెనుకు లేదు.

ఆ యుద్ధం మన మలేషియాకు దూరమైనది కాదు. 1978 నుండి 1991 వరకు తెరెంగాను తీరానగల పులావ్ బిడాంగ్ దీవిలో, పడవలపై వచ్చిన వియత్నాం శరణార్థులు తలదాచుకున్నారు.

మన తాతలు తోటపనికి ఓడలెక్కి వచ్చారు. సాయంత్రపు తరగతిలో పిల్లలు మమ్మల్ని అడుగుతుంటారు: “మాస్టారూ, మనం ఈ దేశం వాళ్ళమా, ఆంధ్రదేశం వాళ్ళమా?” రెండు ప్రేమలు ఉండడం ద్రోహం కాదని చెబుతాము. అన్యాయం కళ్ళబడినప్పుడు, అది మనవారు చేసినా, పరులు చేసినా, ఊరకుండడమే ద్రోహం. గూఢచారికి లేని భాగ్యం మనకుంది. సొంత పేరుతో, ఏ భాషలోనైనా పైకి చెప్పగలం. పిల్లలకు ఆ అలవాటు ఇంట్లోనే చేయిద్దాం.

నవల కఠినమైనది, పెద్దపిల్లలకు తగినది. తల్లిదండ్రులు ముందుగా చదవగోరుతూ సెలవు తీసుకుంటున్నాము.