సూట్‌కేసులో వచ్చే మందు బిళ్లలు

(హారిస్‌డేల్‌లో జరిగిన వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వీసాల గురించో, జీతాల గురించో మాట్లాడతానని మీలో చాలామంది అనుకుని ఉంటారు. నేను మన సూట్‌కేసు గురించి మాట్లాడతాను. ఊరి నుంచి తిరిగొచ్చేటప్పుడు పొడులు, పిండివంటల పక్కన ఒక మందుల సంచి ఉంటుంది కదా, దాని గురించి. అందులో జ్వరం బిళ్లలతో పాటు అజిత్రోమైసిన్ ఒక స్ట్రిప్, సిప్రోఫ్లాక్సాసిన్ ఒక స్ట్రిప్, అమాక్సిసిల్లిన్ ఒక స్ట్రిప్. ‘ఎందుకైనా మంచిది, ఉండనీరా’ అని అమ్మ పెడుతుంది. లేదంటే మనమే మెడికల్ షాపులో చీటీ లేకుండా కొని తెచ్చుకుంటాం.

ఎందుకు తెచ్చుకుంటామో ఈ హాల్లో అందరికీ తెలుసు. తాత్కాలిక వర్క్ వీసా మీద వచ్చిన మనవాళ్లకు మెడికేర్ లేదు. జీపీ దగ్గరకు వెళ్తే చాలాచోట్ల ముందు జేబులోంచి కట్టి, తర్వాత ఇన్సూరెన్సు నుంచి రాబట్టుకోవాలి. క్యాజువల్ పనిలో ఉన్నవాళ్లు ఒక రోజు మానేస్తే ఆ రోజు కూలి పోయినట్టే. కాబట్టి రెండు బిళ్లలు మింగి డ్యూటీకి వెళ్లిపోతాం. అలా చేసేవాళ్లను తప్పుపట్టడానికి నేను రాలేదు. కానీ ఆ లెక్కలో మనం ఒక పెద్ద ఖర్చును వేసుకోవడం లేదు. అది చెప్పడానికే వచ్చాను.

యాంటీబయాటిక్ చంపేది బ్యాక్టీరియాను మాత్రమే. జలుబు, ఫ్లూ, కోవిడ్, గొంతు నొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్ వల్ల వచ్చేవి. వాటి మీద ఈ మందు పనిచేయదు. నాలుగు రోజుల్లో జలుబు దానంతటదే తగ్గుతుంది, మనం మాత్రం ‘అజిత్రో వేసుకున్నా, తగ్గిపోయింది’ అనుకుంటాం. ఈలోగా మన పేగుల్లో, చర్మం మీద ఉండే బ్యాక్టీరియాలో బలహీనమైనవి చచ్చిపోతాయి, మందును తట్టుకోగలిగినవి మిగిలి పెరుగుతాయి. అంతటితో ఆగవు. ఆ తట్టుకునే గుణాన్ని పక్కనున్న వేరే జాతి బ్యాక్టీరియాకు కూడా అందిస్తాయి. ఒకరి నుంచి ఇంట్లో మరొకరికి పాకుతాయి.

పత్తి పండించిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఇది వివరించి చెప్పనక్కర్లేదు. పచ్చపురుగు మీద అదే మందు పదేపదే కొట్టగా కొట్టగా చివరికి ఏమైంది? డబ్బా మారింది, మోతాదు పెరిగింది, అప్పు పెరిగింది, పురుగు మాత్రం చావలేదు. ఇప్పుడు మన ఒంట్లో జరుగుతున్నదీ అదే.

దీనికి మన పెర్త్‌లోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. కడుపులో పుండుకు కారణం కారం, కంగారు అని లోకమంతా నమ్మే రోజుల్లో, రాయల్ పెర్త్ హాస్పిటల్‌లో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అనే ఇద్దరు డాక్టర్లు అసలు కారణం హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా అని పట్టుకున్నారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియాను తానే తాగి, జబ్బు తెచ్చుకుని చూపించారు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అంతకుముందు ఏళ్ల తరబడి బాధపడినవాళ్లకు, ఆపరేషన్ల దాకా వెళ్లినవాళ్లకు, ఒకటి రెండు వారాల యాంటీబయాటిక్ కోర్సుతో నయమవడం మొదలైంది. ఆ కోర్సులో ముఖ్యమైన మందు క్లారిత్రోమైసిన్. ఇప్పుడు చాలా దేశాల్లో ఆ మందుకు ఈ బ్యాక్టీరియా లొంగడం లేదు. మనం జలుబుకు మింగే అజిత్రోమైసిన్ కూడా ఆ కుటుంబానిదే. ఒకదానికి అలవాటుపడిన బ్యాక్టీరియా రెండోదాన్నీ తట్టుకుంటుంది. అంటే ఈ రోజు జలుబుకు వృథా చేసిన మందు, రేపు పుండుకు అవసరమైనప్పుడు మన దగ్గర ఉండదు.

ఈ మందుల చరిత్రలో మనవాళ్ల చెయ్యీ ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా వెళ్లారు. పొట్ట గడవడానికి బోస్టన్‌లో ఒక ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టర్‌గా పనిచేశారు. మనలాగే వలస వెళ్లి షిఫ్టులు చేసిన మనిషి. తర్వాత ఆయన లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించిన కాలంలోనే, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ 1948లో బయటికొచ్చింది. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లో నోబెల్ అందుకుంటూనే, చాలీచాలని మోతాదులో వాడితే క్రిములు మొండికేస్తాయని హెచ్చరించారు. ఆ మాట మనం వినలేదు.

ఫలితం చూడండి. 2019లో ఒక్క ఏడాదిలో మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా సుమారు 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. ఆ ఏడాది మలేరియా, ఎయిడ్స్‌లలో ఏ ఒక్కదానివల్లా అంతమంది పోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2023లో ల్యాబ్‌లో తేలిన బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లలో ప్రపంచం మొత్తం మీద ఆరింట ఒకటి మందుకు లొంగలేదు. ఇండియా ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతంలో మూడింట ఒకటి.

తప్పంతా మందు మింగేవాడిదే అనడం అన్యాయం. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగునీరు శుద్ధిచేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లను స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ప్రకటించారు. రోజుకు 44 కిలోల సిప్రోఫ్లాక్సాసిన్ ఆ నీళ్లలో పోతోందని, అది స్వీడన్ దేశమంతా అయిదు రోజుల్లో వాడే మందుతో సమానమని లెక్కకట్టారు. కోళ్ల ఫారాల్లోనూ ఇష్టం వచ్చినట్టు వాడారు. చివరి అస్త్రంగా దాచుకోవాల్సిన కొలిస్టిన్‌ను పశువులకు, కోళ్లకు, చేపలకు వాడకుండా ఇండియా 2019లో నిషేధించాల్సి వచ్చింది. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 ప్రకారం కొన్ని బలమైన యాంటీబయాటిక్స్‌ను చీటీ చూసి, రిజిస్టర్‌లో రాసుకుని మాత్రమే అమ్మాలి. ఆంధ్రప్రదేశ్ 2022లో సొంత కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. 2024 సెప్టెంబరులో ఐక్యరాజ్య సమితిలో దేశాలన్నీ కూడి, ఈ సమస్యతో ముడిపడిన మరణాలను 2030 నాటికి 10 శాతం తగ్గిస్తామని మాటిచ్చాయి. ప్రభుత్వాలు చేయాల్సింది ప్రభుత్వాలు చేయాలి, అడుగుదాం. మన చేతిలో ఉన్నది మనం చేద్దాం.

ఒకటి. ఆ స్ట్రిప్పులు తేవొద్దు, పంచుకోవద్దు. ఇంట్లో ఉన్నవి చెత్తబుట్టలో, సింకులో వేయకండి. దగ్గర్లోని ఏ ఫార్మసీలో ఇచ్చినా ఉచితంగా తీసుకుంటారు. ఎక్కడ కొన్నారని అడగరు.

రెండు. డాక్టర్ రాసిన మందు రాసినన్ని రోజులు వాడండి. తగ్గిందని సగంలో ఆపి దాచుకోవద్దు. అనుమానం ఉంటే ఆయన్నే అడగండి.

మూడు. ఊరి నుంచి వచ్చాక జ్వరం వస్తే అదే రోజు డాక్టర్ దగ్గరకు వెళ్లి, ఇండియా వెళ్లొచ్చామని చెప్పండి. టైఫాయిడ్ కావచ్చు, మలేరియా కావచ్చు. ముందే యాంటీబయాటిక్ మింగేస్తే రక్తపరీక్షలో క్రిమి దొరక్కపోవచ్చు. ప్రయాణానికి ముందే టైఫాయిడ్ టీకా గురించి అడగండి.

నాలుగు. గత ఏడాదిలో ఇండియాలో ఆసుపత్రిలో చేరి ఉంటే, ఇక్కడ ఆసుపత్రిలో చేరేటప్పుడు దాచకుండా చెప్పండి. పరీక్ష చేస్తారు, అంతే. దానివల్ల వీసాకేమీ కాదు. ఏజ్డ్ కేర్‌లో పనిచేసే మన అక్కచెల్లెళ్లకు ఇది బాగా తెలుసు. అక్కడ ఒకరి చేతి నుంచి మొండి క్రిమి పాకితే తట్టుకునే శక్తి ఆ ముసలివాళ్లకు ఉండదు. చేతులు కడుక్కోవడం మించిన మందు లేదు.

అయిదు. డాక్టర్ దగ్గరకు వెళ్లాలా వద్దా అని తేల్చుకోలేకపోతే హెల్త్‌డైరెక్ట్ 1800 022 222కు ఫోన్ చేయండి. రాత్రీ పగలూ నర్సు మాట్లాడతారు. ఇంగ్లిష్ రాని అమ్మానాన్నల కోసం 131 450కు చేస్తే తెలుగు దుబాసీని కలుపుతారు.

చివరిగా, మన వేదికకు ఒక విన్నపం. డాక్టర్ ఖర్చు భయం పోనంతకాలం ఎన్ని ప్రసంగాలు చేసినా సూట్‌కేసులో స్ట్రిప్పులు వస్తూనే ఉంటాయి. కొత్తగా వచ్చిన ప్రతి కుటుంబానికీ మనలో ఒకరు తోడుండి, తమ ఇన్సూరెన్సుతో నేరుగా బిల్లు తేల్చుకునే క్లినిక్‌లు ఏవో, క్లెయిమ్ ఎలా పెట్టాలో చూపిద్దాం. పర్మనెంట్ ఫుల్‌టైమ్ పనిలో ఉన్నవాళ్లకు ఏడాదికి 10 రోజుల జీతంతో కూడిన సెలవు చట్టం ఇచ్చిన హక్కు, అది వాడుకోమని చెబుదాం. ఆ హక్కు లేని క్యాజువల్ తమ్ముడు జ్వరంతో పడుకుంటే, ఆ వారం వాళ్లింటికి ఒక క్యారియర్ అన్నం పంపుదాం.

యాంటీబయాటిక్ ఊరి చెరువులాంటిది. ఎవరికి వారు గండి కొట్టుకుంటే అందరి చేలూ ఎండుతాయి. రేపు మీ బిడ్డకు న్యుమోనియా వచ్చిన రాత్రి, మీ అమ్మకు ఆపరేషన్ అయిన రోజు ఆ మందు పనిచేయాలి. దాని కోసం ఈ రోజు జలుబును నాలుగు రోజులు ఓర్చుకుందాం.