పాత సిపాయిల నెయ్యము



యుద్ధము ముగిసినను, ఒకే గుడారమున పండుకొని, ఒకే కుండలోని కూడు పంచుకొనినవారి నెయ్యము ముగియదు. అమెరికా అంతర్యుద్ధము 1865లో ముగియగా, మరుసటి యేడే ఉత్తర రాష్ట్రముల సిపాయిలు ‘గ్రాండ్ ఆర్మీ ఆఫ్ ది రిపబ్లిక్’ అను సంఘమును స్థాపించుకొనిరి. 1890 నాటికి సభ్యులు నాలుగు లక్షలకు మించిరి. ఏటేటా కూడుచు, మరణించిన సహచరుల భార్యాబిడ్డలకు ఆసరాగా నిలిచిరి. ఆ యుద్ధమున పనిచేసినవారికే సభ్యత్వము గనుక క్రొత్తవారు చేరు వీలు లేకపోయెను. 1949లో ఇండియానాపొలిస్ నగరమున జరిగిన కడపటి కూడికకు రాగలిగినవారు ఆరుగురే. 1956లో తుది సభ్యుడు ఆల్బర్ట్ వూల్సన్ మరణించెను; సంఘమును అంతరించెను.

వారి మాట మాత్రము అంతరింపలేదు. పెన్సిల్వేనియా రాష్ట్రమున కార్నెగీ పట్టణపు శాఖవారు 1906 నుండి అచ్చటి గ్రంథాలయపు మేడగదిలో కూడుచు, తమ యుద్ధానుభవములను ఒక పుస్తకమున వ్రాయించి యుంచిరి. ఆ గది నేటికిని నిలిచియున్నది.

మన యూళ్లలోను పింఛను దినమున కలిసికొని పటాలపు ముచ్చటలాడుకొను వృద్ధులు కలరు. ఇరువురున్నంతకాలము ఆ ముచ్చట సాగును. ఒక్కడే మిగిలిననాడు అవునను తోడుండదు. కావున ఈ రజతోత్సవమునాడు మన గ్రంథాలయము ఒక తెల్లకాగితముల పుస్తకము తెరచి, చదువుకొనిన పడుచువారిని వారి ముంగిళ్లకు పంపవలెనని నా మనవి.